చంకల కింది కన్నాలు

మా అన్న కూతురు హిమాలయాలకు బయలుదేరే ముందు రోజు కొత్త కోటు ఒకటి తెచ్చి మంచం మీద పరిచింది. తను పనిచేసే మందుల కంపెనీ ఆఫీసు నుంచి కొందరు కలిసి కొండలెక్కడానికి పోతున్నారు. రెండు వేల పది దాటిన కొత్తల్లో మా వైపు ఆడపిల్ల కొండలెక్కడానికి సెలవు పెట్టిందంటే నాకు లోపల సంతోషమే. కోటు పల్చగా ఉంది. మడిస్తే పిడికిట్లో పట్టేలా ఉంది.

"వాన నీళ్లు లోపటికి రానియ్యది చిన్నాయినా. కానీ ఊపిరి తీసుకుంటది," అంది.

"బట్టకు ఊపిరితిత్తులు ఎక్కడివి బిడ్డా?"

"అబ్బ, మొదలువెట్టినవా? అట్ట మీద రాసిండ్రు, చదువుకో."

"అట్ట మీద రాసిందల్ల నిజమైతే తాయెత్తులమ్మేటోడు గూడ అట్ట మీదనే రాస్తడు."

ఆమె నవ్వి, కోటు చెయ్యి పైకెత్తి చంక కింద చూపించింది. మోచేతి దగ్గర్నుంచి పక్కటెముకల దాకా పొడుగాటి జిప్పు. "ఇగో, నడిచి నడిచి ఉక్కపోస్తే ఇది తెరవాలె. ఆవిరి బయటికి పోతది."

అప్పటిదాకా గడప దగ్గర కూర్చుని మా వైపు చూడని అన్న లేచి వచ్చాడు. జిప్పు పట్టుకుని మెల్లగా లాగాడు. తెరుచుకున్న సందులో రెండు వేళ్లు పెట్టి చూశాడు. మళ్లీ మూశాడు.

"వానొస్తుందని దీన్ని మూసుకోకు. తెరిచే పెట్టుకో," అన్నాడు. వెళ్లి గడప దగ్గర కూర్చున్నాడు.

పిల్ల నా వైపు చూసింది. ఆ మాట వెనక ఒక కథ ఉంది. అది జరిగిన ఏడు తను ఒళ్లో బిడ్డ. ఆ సాయంత్రం తనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఎనభైల చివర్లో మా అన్న పటాన్‌చెరులో ఒక రసాయనాల కంపెనీకి పోయేవాడు. మాది బొంబాయి రోడ్డుకు లోపలగా, వాగు పక్కన ఉన్న ఊరు. వ్యవసాయ కుటుంబం. కంపెనీలొచ్చాక వాగు నీళ్ల రంగు మారింది, ఆ తర్వాత మా బావి నీళ్ల రంగు మారింది, ఆ తర్వాత వరి గింజ పట్టడం మానేసింది. అప్పుడు అన్న నాగలి పక్కన పెట్టి సైకిలెక్కాడు. నేను సంగారెడ్డిలో బడిపంతులుని. శనివారం ఊరికొచ్చేవాణ్ని. మిగిలిన రోజుల్లో బడి వదిలాక నాకు మరో పని ఉండేది. మేం కొందరం ఊరూరా తిరిగి గ్రహణాల గురించి, చేతబడి గురించి, జాతకాల గురించి సభలు పెట్టేవాళ్లం. జ్యోతిష్కులతో వేదిక మీద తలపడేవాళ్లం. చాలాసార్లు గెలిచేవాళ్లం.

అన్న పని ఆరుబయట. కంపెనీ వెనక పెద్ద ఆవరణలో డ్రమ్ములు దించడం, ఎక్కించడం. అప్పటికి తాత్కాలికం. వానాకాలంలో ఇలాంటి మనుషులు విత్తనాలనీ నాట్లనీ ఊళ్లకు పోయి కనపడరని కంపెనీకి తెలుసు. అందుకని ఆ ఏడు ఒక మాట చెప్పారు: వానాకాలమంతా నాగా పెట్టకుండా వచ్చినవాళ్లకు చివర్లో డాక్టరు పరీక్ష పెడతారు, అందులో నెగ్గినవాళ్లు పర్మనెంట్. పర్మనెంట్ అంటే కంపెనీ మనిషి. కాకపోతే కాంట్రాక్టరు మనిషి. బావి పోయిన ఇంటికి ఈ రెంటికీ మధ్య తేడా ఎంతో నేను వివరించక్కర్లేదు. మా ఇంట్లో ఆ నాలుగు నెలలూ ఇంకో మాట లేదు.

మాట చెప్పి, మనిషికో వాన కోటు ఇచ్చారు. నీలం రంగు, గుడ్డ మీద రబ్బరు పూత, వీపు మీద కంపెనీ గుర్తు. మా ఊళ్లో ముగ్గురికి వచ్చాయి. గేటు దగ్గర ఆ కోటు చూసి లోపలికి వదిలేవారు, గొంగడి కప్పుకుని వచ్చినవాళ్లను కాంట్రాక్టరు షెడ్డుకు పొమ్మనేవారు. అంతకు ముందు మా ఊళ్లో వానకు అందరికీ గొంగడే. ఇప్పుడు ముగ్గురు కోటు మనుషులయ్యారు. అన్న ఆదివారం అంగడికి కూడా అదే వేసుకుపోయేవాడు.

"ఏం పటేలా, మబ్బు గూడ లేదు, కోటేసినవ్?" అని ఎవరో అడిగితే, "మబ్బు నాకు చెప్పొస్తదా?" అనేవాడు.

మొదటి పెద్ద వానలోనే సంగతి బయటపడింది. ముగ్గురూ ఇంటికొచ్చి కోట్లు విప్పితే లోపల చొక్కాలు పిండుకునేలా తడిసి ఉన్నాయి. మోసం, కోట్లు కారుతున్నాయి అనుకున్నారు. కోట్లు దీపానికి అడ్డం పెట్టి చూశారు. చంకల కింద, ఒక్కో వైపు నాలుగేసి చొప్పున, చుట్టూ ఇత్తడి రింగు వేసిన సన్నటి కన్నాలు కనిపించాయి. బూటు లేసు ఎక్కించే కన్నాల్లాంటివి.

ముగ్గురూ తిన్నగా రోడ్డు మీది పంక్చర్ దుకాణానికి పోయారు. దుకాణం ఆయన కోటు తిప్పి తిప్పి చూసి, "కంపెనీ తెలివి చూసిండ్రా? వాన కోటిచ్చి వానకు దర్వాజ గూడ ఇచ్చిండ్రు," అన్నాడట. ట్యూబు ముక్కలు కత్తిరించి, సొల్యూషన్ పూసి, ఒక్కో చంక కింద ఒక్కో అతుకు అద్ది, సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాడు. "లారీ గాలే ఆగుతది నా చేతిల. ఈ చినుకులెంత?"

ఆ మాటకొస్తే పని బాగానే చేశాడు. చుక్క గాలి పోయే సందు లేదు. తర్వాతి వానకు ముగ్గురూ ఇంకా ఎక్కువ తడిసి వచ్చారు.

శనివారం నేను పోయేసరికి రెండో పొర అతుకుల కోసం అందరూ మళ్లీ అక్కడే చేరారు. నేను ఊరుకునే మనిషిని కాను. "ఆగుండ్రి. చిల్లు పడ్డదైతే దానికి ఇత్తడి రింగు ఎందుకుంటది? కుట్టినోడే కావాలని పెట్టిండు," అన్నాను.

"మోసం చేసేటోడు చక్కగనే చేస్తడు సారూ," అన్నాడు దుకాణం ఆయన. అందరూ నవ్వారు.

"అది మీ చెమట పోనీకి పెట్టిన దారి. మీరు తడుస్తుంది వానకు గాదు, మీ చెమటకు."

ఆ మాటతో గొడవ లేచింది. చెమటంటే ఎండాకాలం గదా, వానల చెమటేంది? సైకిల్ తొక్కినంత మాత్రాన చొక్కా పిండేంత చెమటా? నేను పక్క కొట్టు నుంచి చీరలు పెట్టి ఇచ్చే పాలిథిన్ కవరు తెప్పించి, నా చెయ్యి అందులో పెట్టి, మణికట్టు దగ్గర దారంతో కట్టించుకున్నాను. రేకుల కింద ఉన్నాం. వాన చినుకు పడే చోటు కాదు. టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు కవరు లోపల పొగమంచు పట్టినట్టు తెల్లబడింది. ఆ తర్వాత చుక్కలు కట్టి వేళ్ల మధ్య జారాయి.

"చూడుండ్రి. నా చేతి మీద నీళ్లెవరు పోసిండ్రు?"

"సుద్ద పట్టే చెయ్యి సారూ, జెర నాజూకు చెయ్యి. మా చేతులకు గట్ల కాదు," అన్నాడు ఒకడు.

మనిషి ఒళ్లు పొయ్యిలాంటిది. కదిలినంత సేపూ వేడి పుట్టిస్తూనే ఉంటుంది. ఆ వేడిని చెమట ఆవిరై మోసుకుపోతుంది. ఆవిరికి దారి మూస్తే అది కోటు లోపలి గోడకు తగిలి మళ్లీ నీరవుతుంది, వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. ఇదే మాట అక్కడ మూడు రకాలుగా చెప్పాను. పక్కనే గొంగడి కప్పుకుని కూర్చున్న ముసలాయనకు హుషారొచ్చింది.

"నేను చెప్పలే? గొర్రె తడుస్తదా ఎన్నడన్న? దేవుడిచ్చిన గుణమది. గొంగడి కప్పినోనికి రోగం రాదు."

"గొర్రె తడుస్తది తాతా. తడిసిన గొర్రెకు రోగమొచ్చి చస్తది గూడ," అన్నాను. "ఉన్ని చెమటను తాగి మెల్లగ గాలికి వదుల్తది. దాని గొప్ప అంతే. జడి వాన పట్టిందంటే గొంగడి గూడ తడిసి రాయి లెక్క బరువైతది."

ఆ సాయంత్రం ముసలాయన నాతో మాట్లాడడం మానేశాడు, కోటు మనుషులు నమ్మడం మానేశారు. ఇంటికి నడుస్తుంటే అన్న ఒక్కడే అన్నాడు, "నువ్వు చెప్పింది నిజమే తమ్మీ. నాకు తెలుస్తుంది. కోటు లోపల వేడి నీళ్లే ఉంటయి. వాన నీళ్లు సల్లగుంటయి గదా."

"మరి అతుకులు తీసెయ్యి."

"తీస్త. కానీ చెమటతోని తడుస్తే నా ఒక్కనికే ఎరుక. గేటు కాడ చంకల కెల్లి నీళ్లు కారుతుంటే అందరు చూస్తరు. కోటు పాడు చేసుకున్నడంటరు."

అయినా అన్న నా మాట మీద ఒక అతుకు బ్లేడుతో లేపబోయాడు. సొల్యూషన్ ఎంత గట్టిగా పట్టిందంటే అతుకుతో పాటు రబ్బరు పూత కూడా అరచేతంత ఊడి వచ్చింది. ఇప్పుడు నిజంగానే వాన లోపలికి వచ్చే చిల్లు పడింది. కోటు కంపెనీది. అన్న రాత్రంతా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడని వదిన చెప్పింది. పొద్దున్నే పోయి ముందుకంటే పెద్ద అతుకు వేయించుకున్నాడు. ఆ తర్వాత బ్లేడు మాట ఎత్తలేదు.

వానాకాలం సాగింది. రోజూ అదే తంతు. పొద్దున సైకిలు మీద ఉడికిపోతాడు. తడిసిన చొక్కాతోనే డ్రమ్ముల దగ్గర గాలికి నిలబడతాడు. సాయంత్రానికి వణుకు. శ్రావణం నాటికి దగ్గు పట్టింది. ముందటి ఏడు పక్క కంపెనీ పరీక్షలో డాక్టరు ముందు దగ్గినవాణ్ని పక్కన పెట్టారని ముగ్గురికీ తెలుసు. అందుకని అన్న దగ్గు వస్తే డ్రమ్ము వెనక్కి పోయి కండువా నోట్లో కుక్కుకునేవాడు. నాగా మాత్రం పెట్టలేదు. అమ్మ బొంతపల్లి వీరభద్రుడికి మొక్కుకుంది. నేను హైదరాబాదు పోయి, ఫుట్‌పాత్ మీద నేపాలీల దగ్గర ఉన్ని స్వెటరు కొనుక్కొచ్చి, పని దిగి వచ్చాక తొడుక్కొమ్మని ఇచ్చాను. దగ్గు తగ్గితే అమ్మ మొక్కు వల్ల తగ్గిందనుకుంది. నేను వేడి నీళ్ల వల్ల, స్వెటరు వల్ల అనుకున్నాను. ఈ సంగతి మీద ఇద్దరం రెండు శనివారాలు కొట్లాడుకున్నాం. ఎట్లాగైతేనేం, పరీక్ష రోజు నాటికి దగ్గు నిజంగానే పోయింది.

ఆ రోజు సన్నటి ముసురు. గాలి లేదు, ఉక్క. నేను సెలవు పెట్టి తోడు పోతానన్నాను. అన్న తయారవుతుంటే అమ్మ అడ్డం నిలబడింది.

"ఛాతికి గాలి తగలొద్దు బిడ్డా. స్వెటరు తొడుగు."

"సైకిల్ తొక్కేటప్పుడు స్వెటరేందమ్మా? పోయినాక తొడుగుతడు," అన్నాను.

"నువ్వు నోరు ముయ్యి. ఇగ దగ్గు మళ్లొస్తే నీ పుస్తకాలు ఇస్తయా నౌకరి?"

అన్న మా ఇద్దరి మొహాలూ చూశాడు. గొడవ వద్దని బనీను మీద స్వెటరు తొడిగాడు. దాని మీద పెళ్లినాటి టెరిలిన్ చొక్కా వేశాడు. దాని మీద అతుకుల కోటు, మెడ దాకా గుండీలు. నేను నాయిన గొంగడిని తల మీంచి కొప్పెర పెట్టుకుని వెనక సైకిలెక్కాను.

బొంబాయి రోడ్డు మీద పంటల పరిశోధన కేంద్రం ప్రహరీ గోడ ఎంతకీ తరగదు. లారీలు బురద చిమ్ముతూ పోతుంటే, అన్న ఆలస్యమవుతుందని గట్టిగా తొక్కుతున్నాడు. మధ్యలో ఒకసారి పక్కకొచ్చి చూశాను. మొహం ఎర్రగా, కుంపటి ముందు కూర్చున్నవాడిలా ఉంది. కాసేపు ఆగి కోటు విప్పమన్నాను. తల అడ్డంగా ఊపాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ అన్నను చూసి తలుపు తీశాడు. నన్ను చూసి మూశాడు.

"కంబల్ వాలా ఇధర్ నహీ. షెడ్ కే పాస్ జావ్."

"నేను లేబర్ గాదు భాయ్, టీచర్ను."

"టీచర్ అయితే కంబల్ ఎందుకు?"

"వానొస్తుంది గనక."

"సాబ్ లోగ్ ఛత్రీ తెస్తరు," అన్నాడు, నా మీద జాలితో.

గేటు ఊచల్లోంచి ఆవరణ అవతల వరండా కనిపిస్తోంది. బెంచీ మీద నీలం కోట్లు వరసగా కూర్చున్నాయి. ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తున్నారు. అన్న పోయిన కాసేపటికే బయటికి వచ్చి మళ్లీ బెంచీ చివర కూర్చున్నాడు. మా ఊరి కోటు మనిషి ఒకడు పరీక్ష అయిపోయి గేటు దగ్గరికొచ్చాడు.

"ఏమైంది?" అని అడిగాను.

"మీ అన్నకు జ్వరమున్నదట సారూ. వంద దాటిందట. గుండె గూడ జోరుగ కొట్టుకుంటుందట. అందరయినాక మళ్ల చూస్తనన్నడు డాక్టరు."

నాకు అక్కడికక్కడ అర్థమైంది. మూడు పొరల మీద గాలి చొరని కోటు, అంత దూరం సైకిలు. ఎవరికైనా వంద దాటుతుంది. ఊచలు పట్టుకుని అరిచాను, "అన్నా! కోటు ఇప్పు! గాలి తగలనియ్యి!"

అన్న అరవొద్దన్నట్టు చెయ్యి ఊపాడు. వాచ్‌మన్ లాఠీతో గేటు తట్టాడు.

"నువ్వన్న పోయి చెప్పు. జెరసేపు కోటు ఇప్పి కూసుంటే వేడి దిగుతది. జ్వరం గాదు అది," అన్నాను మా ఊరతనితో.

"ఇప్పితే వరండల నుంచి లేపుతరు సారూ. పొద్దుగాల్నే సూపర్‌వైజర్ చెప్పిండు. కోటు లేనోడు కాంట్రాక్టరు మనిషి కింద లెక్క, షెడ్డు కాడికి పొమ్మన్నడు."

"లోపల స్వెటరన్న ఇప్పుమను."

"స్వెటరు ఇప్పాల్నంటే ముందు కోటు ఇప్పాలె గద సారూ," అన్నాడు. నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. వెనక్కి వెళ్లి అన్న చెవిలో ఏదో చెప్పాడు. అన్న పై గుండీ మీద చెయ్యి వేశాడు. వరండా మెట్ల మీద నిలబడ్డ సూపర్‌వైజర్ వైపు చూశాడు. చెయ్యి తీసేశాడు. గుండీ మీద ఆ చెయ్యి ఎంతసేపు ఉందో నాకు తెలియదు. 

రెండోసారి పిలిచారు. రెండోసారీ వంద దాటింది.

డాక్టరు హైదరాబాదు మనిషి. మధ్యాహ్నం కారులో గేటు దాటుతుంటే అడ్డం నిలబడ్డాను. అద్దం దించాడు.

"ఎవరు మీరు?"

"మీరు పక్కన పెట్టిన మనిషి తమ్ముణ్ని. ఆయనకు జ్వరం లేదు సార్. ఆ కోటు వేడి అది."

"రెండుసార్లు చూశాను."

"రెండుసార్లూ ఆ కోటులోనే చూశారు."

"కోటు తియ్యొద్దని నేను చెప్పానా?"

"ఎందుకు తియ్యలేదో అడిగారా?"

"చూడండి మాస్టారూ, థర్మామీటరు అబద్ధం చెప్పదు. తర్వాతి బ్యాచ్‌లో పంపండి." అద్దం పైకి లేచింది.

థర్మామీటరు అబద్ధం చెప్పలేదు. నేనూ అదే అంటాను. ఆ పాదరసం ఎందుకు ఎక్కింది అని అడగడం పాదరసం పని కాదు, మనిషి పని. జాతకం చూసి పిల్లను కాదన్నవాడితో నేను గంటలు గంటలు వాదించాను. వాడి చేతిలో ఉన్నది ఉత్త కాగితమని నలుగురికీ చూపించగలిగాను. ఈయన చేతిలో ఉన్నది మంచి పరికరం. సత్యం చెప్పే పరికరం. దాన్ని కూడా పంచాంగంలా చదవొచ్చని, కారణం అడగనివాడి చేతిలో ఏదైనా పంచాంగమే అవుతుందని, ఎదురుగా కారు పోయిన బురద రోడ్డు మీద నిలబడి తెలుసుకున్నాను. ఎవరికి చెప్పను? ఎదుటివాడే వెళ్లిపోయాక వాదన ఏం చేసుకోను?

తర్వాతి బ్యాచ్ అనే మాట ఆ కంపెనీలో మళ్లీ వినపడలేదు. మా ఊరి మిగతా ఇద్దరూ పర్మనెంట్ అయ్యారు. వాళ్లు గేటు పక్కనే ఉండేవాళ్లు, నడిచి వచ్చేవాళ్లు అనుకోకండి. వాళ్లూ మా ఊరి నుంచే, అలాంటి అతుకుల కోట్లతోనే వచ్చారు. కాకపోతే ముసురుకు సైకిళ్లు వద్దని బస్సు ఎక్కారు.

అన్న సాయంత్రం దాకా బయటికి రాలేదు. డ్రమ్ముల పని ఉందని ఉంచుకున్నారు. వచ్చాక ఇద్దరం సైకిళ్లెక్కాం. ఊరి వైపు తిరిగే మలుపు దగ్గర టీ హోటల్ ముందు సైకిళ్లు ఆపాం. ముసురు ఆగిపోయింది. అన్న కోటు విప్పి సైకిలు హ్యాండిల్ మీద వేశాడు. టెరిలిన్ చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. స్వెటరు విప్పి పిండితే నీళ్లు ధారగా కారాయి. వీపు మీంచి ఆవిరి లేచింది. హోటలాయన చూసి, "ఏం పటేలా, పొయ్యి మీంచి దిగినవా?" అన్నాడు. అన్న నవ్వాడు కూడా.

టీ తాగి, కాసేపు గాలికి కూర్చున్నాం. చెయ్యి చాచి అన్న నుదురు పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. మెడ కింద చూశాను. చల్లగా ఉంది.

"జ్వరం లేదన్నా. చూడు, లేదు. పోదాం పా. మళ్ల చూడుమందాం. ఇంకో డాక్టరు దగ్గర చూపించి తీసుకపోదాం."

అన్న నా చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాడు.

"లేదని నాకు పొద్దున్నే ఎరుక తమ్మీ. నువ్వు ఎవలకు చెప్తవు?"

గ్లాసు కింద పెట్టి లేచాడు. పిండిన స్వెటరు మడిచి టిఫిను సంచిలో పెట్టుకున్నాడు. హ్యాండిల్ మీది కోటు దులిపి మళ్లీ తొడిగాడు.

"వాన లేదు గదనే. ఇంకెందుకది?"

"ఊళ్లెకు పోవాలె గదా," అన్నాడు. "రేపు ఎట్లయిన కంపెనీకి అప్పజెప్పుడే."

చంకల కింద అతుకులు ఒకసారి తడిమి చూసుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని, సైకిలెక్కాడు.